అడ్వాన్స్ పెరోల్ మీద జగిత్యాల వెళ్ళి వచ్చాను

డాకా (చిన్నప్పుడు అమెరికా వచ్చి, కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్ళను పంపేయకుండా ఇచ్చే తాత్కాలిక రక్షణ) ఉన్నవాళ్ళు ఇండియాకు వెళ్ళి తిరిగి రావచ్చా అని వెతికినప్పుడు, అలా వెళ్ళి వచ్చిన తెలుగువాళ్ళు నాకు ఒక్కరూ దొరకలేదు. మెక్సికోకో ఎల్ సాల్వడార్‌కో వెళ్ళి వచ్చిన పిల్లల అనుభవాలు బోలెడు ఉన్నాయి. వాళ్ళకు దోహాలో విమానం మారే గొడవ లేదు, ఆధార్ కార్డులో ఇంటిపేరు ముందుందా వెనకుందా అన్న తంటా లేదు. నేను 2024 మే నెలలో, అడ్వాన్స్ పెరోల్ అనే ముందస్తు అనుమతి మీద వెళ్ళి జూన్‌లో తిరిగి వచ్చాను. తేదీలు, ఖర్చులు మరచిపోకముందే వరుసగా రాసి పెడుతున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఎందుకో చదివేవాళ్ళకు తెలుసు.

నా సంగతి క్లుప్తంగా. 2005లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాన్న హెచ్-1బీ మీద, అమ్మా నేనూ కుటుంబ వీసా హెచ్-4 మీద న్యూజెర్సీ వచ్చాం. 2009లో నాన్న ఉద్యోగం పోయింది. కొత్త కంపెనీ వేసిన పిటిషన్‌ను తిరస్కరించారు. రేపో మాపో సర్దుకుంటుందనుకుంటూ ఉండిపోయాం, సర్దుకోలేదు. 2013లో నాకు డాకా వచ్చింది. 2012 జూన్ 15 నాటికి ఏ చట్టబద్ధ హోదా లేనివాళ్ళకే అది ఇచ్చారు. నాతో చదివిన ఒకమ్మాయికి ఆ రోజుకు హెచ్-4 ఉంది కాబట్టి డాకా లేదు, వాళ్ళ నాన్న ఇంకా గ్రీన్ కార్డు వరుసలోనే ఉన్నాడు, ఆమె 21 నిండేసరికి స్టూడెంట్ వీసాకు మారాల్సి వచ్చింది. మా నాన్న ఉద్యోగం నిలబడి ఉంటే నేనూ ఆ వరుసలోనే ఉండేదాన్ని. ఎవరిది అదృష్టమో మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం.

అమ్మకూ నాన్నకూ మాత్రం ఏ కాగితమూ లేదు. వాళ్ళు దేశం దాటితే పదేళ్ళ దాకా తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. జగిత్యాలలో ఉన్న మా నానమ్మకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు. ఆమె దృష్టిలో మా నాన్నకు 2009 నుంచీ సెలవు దొరకడం లేదు.

2023 అక్టోబరులో బాబాయి ఫోన్ చేసి నానమ్మ గుండె బలహీనపడిందని, కాళ్ళకు నీరు పడుతోందని, డాక్టర్ ఎక్కువ కాలం భరోసా ఇవ్వలేదని చెప్పాడు. "ఒక్కసారి వచ్చి పో అన్నా" అన్నాడు. నాన్న ఫోన్ పెట్టేసి గరాజ్‌లోకి వెళ్ళి చాలాసేపు ఏదో సర్దాడు. నేను ఆ రాత్రే అడ్వాన్స్ పెరోల్ గురించి చదవడం మొదలుపెట్టాను. డాకా ఉన్నవాళ్ళు చదువు, ఉద్యోగం, మానవతా కారణం, ఈ మూడింటిలో దేనికోసమైనా ముందుగా అనుమతి తీసుకుని దేశం దాటి రావచ్చు. జబ్బుపడిన దగ్గరి బంధువును చూడటం మూడోదాని కిందికి వస్తుంది. సరదా ప్రయాణానికి ఇవ్వరు. నా డాకా అప్పుడే సెప్టెంబరులో రెన్యూ అయింది, 2025 సెప్టెంబరు దాకా గడువుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే తిరిగి వచ్చే తేదీ డాకా గడువు లోపలే ఉండాలి.

మొదట మనవాళ్ళనే అడిగాను. బతుకమ్మ దగ్గర పరిచయమైన ఒక అంకుల్ ఇమిగ్రేషన్ లాయర్. ఫోన్‌లో రెండు నిమిషాలు విని, "ఇలాంటి కేసులు మనవాళ్ళకు ఉండవు కదమ్మా" అన్నారు. ఉన్నాయి అంకుల్, నేనే, అన్నాను. ఆయన చూసేవన్నీ హెచ్-1బీ, గ్రీన్ కార్డు కేసులు. వేరే ఎవరినైనా చూసుకొమ్మని మర్యాదగానే చెప్పి పెట్టేశారు. ఇంకొక ప్రైవేటు లాయర్ అరగంట మాట్లాడటానికి 200 డాలర్లు తీసుకుని, పని మొత్తానికి 3,000 అవుతుందన్నారు. ప్రభుత్వ ఫీజు అదనం. అరగంటలో ఇరవై నిమిషాలు నా కేసు కష్టమని చెప్పడానికే సరిపోయింది.

చివరికి దొరికింది ఒక స్వచ్ఛంద సంస్థ. ఇక్కడ నాకు తెలియని ఒక సంగతి తెలిసింది. ఇమిగ్రేషన్ కేసులకు లాయరే కానక్కర్లేదు. అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన సంస్థల్లో పనిచేసే, అదే శాఖ అనుమతి ఉన్న ప్రతినిధులు కూడా మన తరఫున దరఖాస్తు వేయవచ్చు, అధికారులతో మాట్లాడవచ్చు. ఏ సంస్థలకు, ఎవరికి ఆ గుర్తింపు ఉందో న్యాయశాఖ జాబితాలో చూసుకోవచ్చు. నేను చూసుకున్నాకే వెళ్ళాను, ఎందుకంటే దుకాణం తెరిచి "ఫారాలు నింపుతాం" అనే కన్సల్టెంట్లకు ఆ గుర్తింపు ఉండదు, కేసు పాడైతే వాళ్ళు కనబడరు. మొదటి సమావేశానికి 50 డాలర్లు, మొత్తం పనికి 400. కాకపోతే వరుస పెద్దది. నవంబరు మొదట్లో పేరు రాయించుకుంటే డిసెంబరు రెండో వారంలో పిలిచారు. రిసెప్షన్‌లో ఉన్నామె నన్ను చూసి స్పానిష్‌లో పలకరించింది. గదిలో కూర్చున్నవాళ్ళందరికీ ఆ భాష వచ్చు, నాకు తప్ప.

నా కేసు చూసినామె లాయర్ కాదు, అలాంటి ప్రతినిధే. యాభై దాటిన మనిషి. ఆమెను ఇక్కడ మేడమ్ అంటాను. నేను నానమ్మ జబ్బు గురించి చెప్పబోతుంటే ఆపి, "అది తర్వాత. ముందు నువ్వు వెళ్ళవచ్చో లేదో చూడాలి" అంది. ఎప్పుడైనా అరెస్టయ్యావా? డాకా మధ్యలో ఎప్పుడైనా గడువు తీరిపోయిందా? మీ ఇంటికి ఇమిగ్రేషన్ కోర్టు నుంచి కాగితం ఎప్పుడైనా వచ్చిందా? మూడో ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. 2010లో ఏదో నోటీసు వచ్చిందని, ఇల్లు మారే హడావుడిలో పోయిందని నాన్న ఒకసారి అన్న గుర్తు. అది కోర్టు నోటీసై ఉండి, మేం హాజరు కాకపోతే, మేం లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చేసి ఉండవచ్చు. అలాంటి ఉత్తర్వు ఉన్న మనిషి పెరోల్ కాగితం చేతిలో ఉన్నా సరే విమానం ఎక్కకూడదు అంది మేడమ్.

అక్కడికక్కడే స్పీకర్‌లో పెట్టి ఇమిగ్రేషన్ కోర్టుల ఆటోమేటిక్ ఫోన్ లైనుకు ఫోన్ చేసింది. వర్క్ పర్మిట్ కార్డు మీద ఉండే తొమ్మిది అంకెల నంబరు నొక్కాలి. ఆ నంబరుతో ఏ కేసూ లేదని యంత్రం చెప్పింది. నాకు ఊపిరి వచ్చింది. మేడమ్‌కు అది సరిపోలేదు. సమాచార హక్కు చట్టం లాంటిది ఇక్కడా ఉంది, దాని కింద నా పూర్తి ఫైలు అడిగింది. అది ఫిబ్రవరి మొదట్లో కంప్యూటర్‌లో వచ్చింది. వందల పేజీలు. 2005లో వీసా కోసం దిగిన ఫొటో, రెండు జడలు, నల్ల రిబ్బన్లతో సహా అందులో ఉంది. కోర్టు నోటీసు లేదు. నాన్నకు వచ్చిన ఆ కాగితం పిటిషన్ తిరస్కరణ లేఖ మాత్రమే. పద్నాలుగేళ్ళు ఆయన దాన్ని తలచుకుని భయపడ్డాడు.

పదేళ్ళ నిషేధం నాకు కూడా పడదా అని అడిగాను. పద్దెనిమిది నిండకముందే డాకా వచ్చింది, మధ్యలో ఖాళీ లేదు కాబట్టి నాకు లెక్కలోకి వచ్చే అక్రమ నివాస కాలమే లేదంది. ఉన్నా కూడా, అడ్వాన్స్ పెరోల్ మీద వెళ్ళి రావడం ఆ నిషేధం తెచ్చే "నిష్క్రమణ" కిందికి రాదని 2012 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు తీర్పు ఇచ్చిందంటూ కేసు పేరు చెప్పింది. అర్రబల్లి, యర్రబెల్లి. నేను మళ్ళీ చెప్పమన్నాను. ఇండియా నుంచి వచ్చిన భార్యాభర్తలు, వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవడానికి పెరోల్ మీద వెళ్ళి వచ్చినవాళ్ళు. మెక్సికో పిల్లల ఫైళ్ళన్నిటిలోనూ ఈ పేర్లే ఉదహరిస్తామంది మేడమ్. మనవాళ్ళకు ఇలాంటి కేసులు ఉండవన్న అంకుల్ గుర్తొచ్చారు.

ఈలోగా పాస్‌పోర్టు. నా పాత పాస్‌పోర్టు గడువు ఎప్పుడో అయిపోయింది. భారత పాస్‌పోర్టు రెన్యూవల్ దరఖాస్తులో అమెరికాలో మన హోదాకు రుజువు అడుగుతారు. వర్క్ పర్మిట్, డాకా ఆమోద పత్రం జతచేసి పంపితే రుజువు చాలదని ఒకసారి తిప్పి పంపారు. మేడమ్ డాకా ఏమిటో వివరిస్తూ ఒక లేఖ రాసిచ్చింది. దానితో మళ్ళీ పంపితే జనవరి చివర్లో కొత్త పాస్‌పోర్టు వచ్చింది. పోస్టు ఖర్చులతో నూరు డాలర్లు దాటింది. మీ పాస్‌పోర్టు చూసుకోండి. మిగతా పనులన్నీ తొందర పెడితే కదులుతాయి, ఇది కదలదు.

కాగితాల్లో అన్నిటికన్నా కష్టమైంది డాక్టర్ లేఖ. ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, జబ్బు పేరు, ఎంత తీవ్రం, కుటుంబసభ్యులు రావడం ఎందుకు అవసరం అన్నవి ఇంగ్లీషులో ఉండాలి. సంతకం, ముద్ర, ఫోన్ నంబరు ఉండాలి. దానికి బాబాయి వెళ్ళాలి. బాబాయికి నిజం చెప్పకుండా అడగలేం. మనవరాలు నానమ్మను చూడటానికి అమెరికా ప్రభుత్వానికి డాక్టర్ ఎందుకు లేఖ రాయాలని ఎవరైనా అడుగుతారు.

ఒక ఆదివారం రాత్రి నాన్న ఫోన్ చేశాడు. నేను పక్కనే కూర్చున్నాను. "నాకు ఇక్కడ కాగితాలు లేవురా. 2009 నుంచీ లేవు" అన్నాడు. బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒకటే: "మరి నెలనెలా డబ్బులెలా పంపిస్తున్నావన్నా?" నాన్న బదులివ్వలేదు. నేను ఫోన్ తీసుకుని లేఖలో ఏమేం ఉండాలో చెప్పాను. నాలుగు రోజుల్లో లేఖ వచ్చింది. అందులో డాక్టర్ 'పేషెంట్ గ్రాండ్‌డాటర్' అని నా పేరు తప్పుగా రాశాడు. బాబాయి మళ్ళీ వెళ్ళి మార్పించాడు పాపం.

బంధుత్వం నిరూపించాలి. నా జనన ధ్రువీకరణలో నాన్న పేరుంది. నాన్న ఎస్సెస్సీ మెమోలో తండ్రి పేరుంది, తల్లి పేరు లేదు. నానమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంది, ఒకదానిలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంది, ఇంకోదానిలో అసలు లేదు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వెనక ఉంది. నలుగురం నాలుగు కుటుంబాల వాళ్ళలా కనిపిస్తున్నాం. మేడమ్ సలహా మీద నాన్న ఒక ప్రమాణ పత్రం రాశాడు, రేషన్ కార్డులో నానమ్మ, నాన్న, బాబాయి ఒకే ఇంటివాళ్ళుగా ఉన్న పాత పేజీ బాబాయి వెతికి పంపాడు. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జతచేసి, రెండు భాషలూ వచ్చునని అనువాదకులు సంతకం చేయాలి. నేనే చేయబోయాను, దరఖాస్తుదారు కాకుండా వేరేవాళ్ళు చేస్తే మంచిదంది మేడమ్. అమ్మ స్నేహితురాలు చేసిపెట్టింది. అమ్మ ఆమెకు కారణం చెప్పింది. అప్పటికి మా రహస్యం తెలిసినవాళ్ళ సంఖ్య పెరుగుతూ పోతోంది.

ప్రయాణ కారణం వివరిస్తూ ఒక పేజీ రాయమంటే నేను మూడు పేజీలు రాశాను. మా పెరట్లో సీతాఫలం చెట్టు, నానమ్మ నాకు జడలు వేయడం, అన్నీ. మేడమ్ పెన్సిల్ పట్టుకుని కొట్టేసుకుంటూ వెళ్ళింది. "ఇది చదివే అధికారికి చెట్టుతో పని లేదు. ఆమె వయసు, జబ్బు, నువ్వు చివరిసారి చూసిన సంవత్సరం, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ" అంది. మిగిలింది పన్నెండు వాక్యాలు. మీ అమ్మానాన్నలు ఎందుకు వెళ్ళలేరన్నది మాత్రం రాయవద్దంది. అబద్ధం చెప్పకూడదు, అలాగని వాళ్ళ సంగతి ప్రభుత్వం చేతిలో పెట్టనూ కూడదు.

ఫిబ్రవరి 20న అడ్వాన్స్ పెరోల్ దరఖాస్తు, ఐ-131 ఫారం, పంపాం. ఫీజు 575 డాలర్లు. రసీదు మార్చి మొదట్లో వచ్చింది. తర్వాత మౌనం. రోజూ పొద్దున కాఫీ కలుపుకుంటూ కేసు నంబరు కొట్టి చూసేదాన్ని, అదే వాక్యం కనబడేది. ఏప్రిల్ 1 నుంచి ఇదే ఫారానికి ఫీజు 630 అయింది. ముందే వేశామని అప్పుడు సంతోషించాను.

మే 9న నానమ్మ స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. గుండె బలహీనంగా ఉంది కాబట్టి ఆపరేషన్ ప్రమాదమే, చేయకపోయినా ప్రమాదమే అన్నారు కరీంనగర్ డాక్టర్లు. నేను మేడమ్‌కు ఫోన్ చేస్తే, పెండింగ్‌లో ఉన్నదాన్ని నమ్ముకుని కూర్చోవద్దు, అత్యవసర పెరోల్‌కు కొత్త దరఖాస్తుతో నేరుగా ఇమిగ్రేషన్ శాఖ ఫీల్డ్ ఆఫీసుకు వెళ్ళాలంది. కొత్త ఫారం, కొత్త ఫీజు. 630.

ఫీల్డ్ ఆఫీసుకు ఊరికే వెళ్తే లోపలికి రానివ్వరు. యూఎస్‌సీఐఎస్ అనే అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ ఫోన్ కేంద్రం ద్వారా సమయం తీసుకోవాలి. మొదట యంత్రం మాట్లాడుతుంది, ఏం చెప్పినా వెబ్‌సైట్ చూడమంటుంది. "ఇన్ఫోపాస్" అని మళ్ళీ మళ్ళీ అంటే మనిషికి కలుపుతుందని మేడమ్ చిట్కా, పనిచేసింది. శుక్రవారం మాట్లాడిన మనిషి నా వివరాలు రాసుకుని, పై అధికారి ఫోన్ చేస్తారన్నాడు. ఎప్పుడో చెప్పలేడు. ఆ ఫోన్ ఎత్తకపోతే మళ్ళీ మొదటికే. నేను ఆ వారాంతమంతా ఫోన్‌ను స్నానానికి కూడా వెంట తీసుకెళ్ళాను.

ఈ గండంలో ఎన్నికలు. మే 13న తెలంగాణలో లోక్‌సభ పోలింగ్. ఆపరేషన్ గురించి లేఖ రాయాల్సిన డాక్టర్ ఓటు వేయడానికి సొంత ఊరు వెళ్ళాడు. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఉన్నాడు కానీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టనన్నాడు. బాబాయి వేలికి సిరా చుక్కతో ఆసుపత్రి వరండాలో నిలబడి వీడియో కాల్ చేసి, "రేపు పొద్దున్నే పట్టుకుంటానమ్మా, నువ్వు కంగారు పడకు" అన్నాడు. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం లేఖ వచ్చింది. అంతకుముందు రాత్రే ఫీల్డ్ ఆఫీసు సమయం ఖరారైంది, మే 16, గురువారం, ఉదయం.

మేడమ్ నాతో వచ్చింది, 400లో అదీ కలిసే ఉంది. ఫారం, కొత్త డాక్టర్ లేఖ, ఎక్స్‌రే, రసీదులు, డాకా పత్రం, రెండు ఫొటోలు, విమానం బుకింగ్ కాగితం. ఫీజుకు నగదు తీసుకోలేదు, అప్పట్లో చెక్కో కార్డో ఉండాలి. కిటికీ వెనక అధికారి ఎక్స్‌రేను దీపానికి ఎత్తి పట్టుకుని చూశాడు. ఏం అర్థమైందో తెలియదు. "ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు?" అన్నాడు. ఎముక విరిగింది వారం క్రితమేనని మేడమ్ చెప్పింది. కూర్చోమన్నారు. మూడు గంటలకు పైగా కూర్చున్నాం. మేడమ్ స్వెటర్ అల్లుకుంటూ ఉంది, నేను గోడ మీది జెండాలో నక్షత్రాలు లెక్కపెట్టాను. పేరు పిలిచి రెండు కాగితాలు ఇచ్చారు, రెండూ అసలువే, నా ఫొటో అంటించి ముద్ర వేసినవి. ఐ-512ఎల్ అంటారు. జూన్ 15 లోపు తిరిగి రావాలి. కింద సన్నటి అక్షరాల్లో, ఈ పత్రం ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదని రాసి ఉంది. కార్లో కూర్చున్నాక నాన్నకు ఫోన్ చేశాను. "అమ్మకు ఏం తీసుకెళ్తావు?" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేకపోయాడు.

టికెట్ కొనడంలో రెండు జాగ్రత్తలు. ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా వెళ్ళకూడదు. మనకు అమెరికా వీసా లేదు, పెరోల్ కాగితం వీసా కాదు, భారత పాస్‌పోర్టుకు అక్కడ విమానం మారడానికే అప్పట్లో ట్రాన్సిట్ వీసా అడిగేవారు. వచ్చేటప్పుడు అబుధాబి వద్దంది మేడమ్. అమెరికా అధికారుల తనిఖీ ఆ విమానాశ్రయంలోనే జరిగిపోతుంది, ప్రశ్నలేవైనా వస్తే అమెరికా నేల మీద ఉండగా రావాలి కానీ ఎడారిలో కాదు. దోహా మీదుగా కొన్నాను. ఎండాకాలం సెలవులు, చివరి నిమిషం, 1,900 డాలర్లు. మేడమ్ ఇంకొక కాగితం చేతిలో పెట్టింది. విమాన సంస్థల కోసం అమెరికా కస్టమ్స్ వాళ్ళు ప్రచురించే మార్గదర్శిలో ఐ-512ఎల్ ఉన్నవాళ్ళను ఎక్కించుకోవచ్చని చెప్పే పేజీ. "హైదరాబాద్‌లో పనికొస్తుంది" అంది.

మే 18న బయలుదేరాను. శంషాబాద్‌లో దిగి కారులో జగిత్యాల వెళ్ళేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆపరేషన్ అయిపోయింది, నానమ్మ తట్టుకుంది. మంచం మీద నుంచి నన్ను పోల్చుకుంది, చేయి పట్టుకుంది, తర్వాత నా వెనక గుమ్మం వైపు చూస్తూనే ఉంది. "మీ నాన్నకు ఈసారీ సెలవు దొరకలేదా?" అంది. బాబాయి నా వైపు చూశాడు. చెప్పవద్దని కాదు, చెప్పమనీ కాదు. నేను చెప్పాను. కాగితాలు లేవని, వస్తే తిరిగి పోలేడని, నాకు వేరే కాగితం ఉందని. ఆమె విని, "మరి నేను తిట్టిన తిట్లన్నీ?" అంది. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో నాన్నను ఏమీ అడగలేదు, తిన్నావా అని మాత్రం అడిగింది. ఆ మూడు వారాల గురించి ఇంతకన్నా రాయను.

జూన్ 7 రాత్రి శంషాబాద్‌లో చెక్-ఇన్. కౌంటర్‌లో అబ్బాయి పాస్‌పోర్టు పేజీలన్నీ తిప్పి, "మేడమ్, వీసా ఏ పేజీలో ఉంది?" అన్నాడు. కాగితం ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు. "ఇది జిరాక్సా, ఒరిజినలా?" సూపర్‌వైజర్ వచ్చింది. ఆమె కూడా చూడలేదు అలాంటిది. మార్గదర్శి పేజీ ఇస్తే చదివి, ఎవరికో ఫోన్ చేసింది. నా వెనక వరుస కదిలిపోయింది, సూట్‌కేసుతో పక్కన నిలబెట్టారు. అరగంట దాటాక బోర్డింగ్ పాస్ ఇచ్చారు. ఈలోగా కాగితం ఫొటోకాపీకి తీసుకెళ్ళబోతే ఒక్కటే ఇచ్చాను, రెండోది సంచిలోంచి తీయలేదు. రెండూ ఎవరి చేతికీ ఇవ్వకండి. ఎమిగ్రేషన్ అధికారి కూడా అదే ప్రశ్న వేశాడు కానీ అతనికి పై ఆఫీసర్ నిమిషంలో తేల్చేశాడు.

దోహా నుంచి న్యూయార్క్ దాకా నేను నిద్రపోలేదు. ఇంటి తాళం నా సంచిలో ఉంది, ఆ ఇంటికి వెళ్ళనిస్తారో లేదో ఒక మనిషి చేతిలో ఉంది. మేడమ్ నంబరు ఫోన్‌లో కాకుండా చేతి మీద పెన్నుతో రాసుకోమంది, ఎందుకంటే రెండో తనిఖీ గదిలో ఫోన్ వాడనివ్వరు. పెరోల్ మీద వచ్చేవాళ్ళను ఆ గదికి పంపడం మామూలే, అది చూసి గుండె ఆగిపోనక్కర్లేదని ముందే చెప్పింది. అయినా కౌంటర్ అధికారి నా పాస్‌పోర్టును కవరులో పెట్టి వేరే అధికారికి అందించగానే కాళ్ళు వణికాయి.

గదిలో ముప్పై మంది దాకా ఉన్నారు. ఒక తెలుగు పెద్దావిడ ఊరగాయ గురించి ఎవరికో వివరిస్తోంది, చేతులతో. వెళ్ళి సాయం చేద్దామనిపించింది, కానీ లేవడానికి భయపడ్డాను. రెండు గంటలు దాటాక నా పేరు పిలిచారు. మొదటిసారి ఎప్పుడు వచ్చావు, ఎవరితో వచ్చావు, ఎందుకు వెళ్ళావు, ఎప్పుడైనా అరెస్టయ్యావా, ఎక్కడ పనిచేస్తావు. మీ నానమ్మ ఎలా ఉంది అని కూడా అడిగాడు. అది ప్రశ్నా పలకరింపా అర్థంకాక, డిశ్చార్జి కాగితం తీసి చూపించాను. నవ్వి వద్దన్నాడు. వేలిముద్రలు, ఫొటో, పాస్‌పోర్టులో పెరోల్ అన్న ముద్ర, పెన్నుతో తేదీ. ఒక కాగితం వాళ్ళు ఉంచుకున్నారు. బయట నాన్న పార్కింగ్‌లో లేడు. విమానాశ్రయం దగ్గరికి రావద్దని నేనే చెప్పాను. రైలెక్కి వెళ్ళాను.

వచ్చాక ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే ప్రభుత్వ రికార్డు) వెంటనే డౌన్‌లోడ్ చేసుకుని చూసుకోండి. నా దానిలో పేరు తిరగేసి పడింది, పాస్‌పోర్టుతో సరిపోలడం లేదు. సరిచేయించడానికి ఆ తనిఖీ అధికారులకే చెందిన వేరే ఆఫీసు ఉంటుంది, అక్కడికి ఈ-మెయిల్ పంపితే వారంలో సరిచేశారు. ముద్ర ఉన్న పేజీ, ఐ-94, మిగిలిన పెరోల్ కాగితం, మూడూ స్కాన్ చేసి మేడమ్‌కు ఇచ్చాను. ముందు ముందు ఏ దరఖాస్తు వేసినా ఇవి అడుగుతారంది.

జూలై రెండో వారంలో ఒక కవరు వచ్చింది. ఫిబ్రవరిలో వేసిన మొదటి దరఖాస్తు. నానమ్మ ఆరోగ్యం గురించి తాజా వైద్య ఆధారాలు పంపమని అడిగారు. నేను అప్పటికే వెళ్ళి వచ్చేశానని వాళ్ళకు తెలియదు, ఒక చేయి చేసింది ఇంకో చేతికి తెలిసినట్టు లేదు. నాన్న ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, "దీన్ని అలాగే ఉంచితే ఇంకోసారి వెళ్ళి రావచ్చేమో అడుగు" అన్నాడు. అడిగాను. అందులో రాసిన ప్రయాణ తేదీలు దాటిపోయాయి, ఉపసంహరించుకుంటున్నామని లేఖ పంపడమే మంచిదంది మేడమ్. 575 డాలర్లు తిరిగి ఇవ్వరు. మళ్ళీ వెళ్ళాలంటే మళ్ళీ ఐ-131, మళ్ళీ ఫీజు, డాక్టర్ దగ్గరి నుంచి కొత్త లేఖ. నానమ్మకు డిసెంబరులో గుండె పరీక్ష ఉంది. ఆ రోజు లెటర్‌హెడ్, ముద్ర, నా పేరులో అక్షరాలు సరిచూసుకొమ్మని బాబాయికి ఇప్పుడే రాసి పంపాను.